అనుమానంగారి కణాల గది

మా ల్యాబులో కణాల గది చూసుకునే టెక్నీషియన్‌గారు దేన్నీ నమ్మేవారు కాదు. గోడ గడియారాన్ని నమ్మక చేతి గడియారం చూసుకునేవారు. దాన్నీ నమ్మక నన్ను టైమెంతని అడిగేవారు. నేను చెప్పాక రెండు గడియారాలూ మళ్ళీ చూసేవారు. ఆయనకు అనుమానంగారని పేరు పెట్టింది తామేనని మా ల్యాబులో నలుగురు చెప్పుకునేవారు. ఆయన ఆ నలుగుర్నీ నమ్మలేదు.

కణాలను వెచ్చగా ఉంచే పెట్టె మీద ముప్పై ఏడు డిగ్రీలని అంకె వెలుగుతూ ఉంటుంది. ఆయన జేబులోంచి సొంత థర్మామీటరు తీసి లోపల పెట్టేవారు.

"అంకె కనిపిస్తూనే ఉంది కదా మాస్టారూ."

"అంకె కనిపిస్తోంది తల్లీ. వేడి కనిపించట్లేదు."

"మరి మీ థర్మామీటరు సరైనదేనా?"

అడగకుండా ఉండాల్సింది. మర్నాటి నుంచి రెండు థర్మామీటర్లు తెచ్చారు.

ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో ఆయన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. పరిశోధన గడువు ఇంకా ఎనిమిది నెలలే ఉంది. ఈలోగా థీసిస్ ఇవ్వకపోతే ఐదేళ్ళ చాకిరీకి చేతిలో కాగితం ముక్క కూడా మిగలదు.

నా పని మెదడులోని సహాయక కణాల మీద. మెదడనగానే అందరూ నాడీకణాల గురించే మాట్లాడతారు. పక్కనే ఉండి వాటికి తిండి అందించి, చెత్త ఎత్తి, విషాన్ని పీల్చుకునే ఈ కణాలను ఎవరూ పట్టించుకోరు. ఇళ్ళలోనూ అంతే, ఆఫీసుల్లోనూ అంతే. జబ్బు చేసినప్పుడు ఆక్సిజన్ నుంచీ నైట్రోజన్ నుంచీ పుట్టే ఘాటు పదార్థాలు మెదడులో పోగై కణాలను పాడుచేస్తాయి. నేను పళ్ళేల్లో కణాలను పెంచి, వాటి మీద అలాంటి విషమే అయిన హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, ఎన్ని బతికాయో లెక్కపెట్టేదాన్ని. నాడీకణాలు సాయంత్రానికల్లా చచ్చేవి. సహాయక కణాలు చెక్కుచెదరలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా చావలేదు.

మా డైరెక్టరుగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. వాటికి ఉక్కు కణాలని పేరు పెట్టి, సభలన్నిట్లో బొమ్మలు చూపించి వచ్చారు. ఆ బొమ్మల కింద నా పేరు భూతద్దం పెడితే కనబడేది. అనుమానంగారు మాత్రం మైక్రోస్కోపులో చాలాసేపు చూసి తల పైకెత్తారు.

"నాకు నమ్మకం లేదమ్మాయ్."

"ఆరుసార్లు చేశాను మాస్టారూ."

"అందుకే. అంత విషం పోస్తే ఎవరికైనా కాస్త నొప్పి పుట్టాలి. ఇవేమో భోంచేసి కూర్చున్నట్టున్నాయి."

"అంటే నేను అబద్ధం చెబుతున్నానా?"

"నువ్వు చెప్పట్లేదు. పళ్ళెం చెబుతోందేమోనని."

నాకు ఏడుపొక్కటే తక్కువ. పోనీ అందరితోనూ ఇంతే అనుకుందామా అంటే, డైరెక్టరుగారు ఏం చెప్పినా "అలాగేనండి" అని తలూపేవారు. ఒకసారి డైరెక్టరుగారు శనివారాలు కణాలు నెమ్మదిగా పెరుగుతాయన్నారు. దానికీ తలూపారు. పైవాళ్ళ ముందు పిల్లి, నా ముందు పులి అని మనసులో తిట్టుకున్నాను.

వ్యాసాన్ని సైన్సు పత్రికకు పంపాం. ఐదు నెలలకు జవాబొచ్చింది. ఒక్కటే ప్రశ్న. సహాయక కణాలను పెంచిన ద్రవంలో పైరువేట్ ఉందా?

ఉంది. అది కణాలకు తిండిగా ఉంటుందని కంపెనీవాళ్ళు సీసాలోనే కలిపి పంపే పదార్థం. పెరాక్సైడ్ కనబడితే నిమిషాల్లో దాన్ని విరిచేస్తుంది. నాడీకణాలకు వాడిన ద్రవంలో అది లేదు. అంటే నేను పోసిన విషం సహాయక కణాల దాకా చేరనేలేదు. ఏడాది పాటు నేను సీసా బలాన్ని కొలిచాను.

సభల్లో "మేం కనిపెట్టాం" అన్న డైరెక్టరుగారు, "నువ్వు చూసుకోవాల్సింది" అని చేతులు దులుపుకున్నారు. గడువు మూడు నెలలు. ఏం చెయ్యాలో తోచక కణాల గదిలో కూలబడ్డాను. అనుమానంగారు అలమారలోంచి లావుపాటి నోటుబుక్కు తీసి నా ముందుకు తోశారు.

"ఏమిటిది?"

"నీ ప్రయోగమే. ఆదివారాలు గది ఖాళీగా ఉంటుంది కదా, ఐదు నెలలుగా చేస్తున్నా. ద్రవం మార్చి, పళ్ళెం మార్చి, అన్నీ మార్చి చూశా."

"పైరువేట్ సంగతి మీకు ముందే తెలుసా?"

"నెల క్రితం తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"నాకే నమ్మకం కుదరలేదమ్మా. మళ్ళీ చేస్తున్నా."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కానీ నోటుబుక్కు తెరిచాక ఆ మాట మర్చిపోయాను. పైరువేట్ లేకపోతే సహాయక కణాలకూ దెబ్బ తగిలింది. విరుగుడుగా లోపల దాచుకున్న గ్లూటథయోన్ మూడొంతులు ఖర్చయిపోయింది. కొన్ని చచ్చాయి. మిగిలినవి మర్నాటికల్లా దాన్ని మళ్ళీ తయారుచేసుకుంటూ, దానికి కావలసిన సరుకును పక్కనున్న నాడీకణాలకూ పంపాయి. నైట్రోజన్ నుంచి పుట్టే విషం, నైట్రిక్ ఆక్సైడ్, తగిలితే ఊపిరాడక, ఆక్సిజన్ లేకుండానే చక్కెర కరిగించుకుంటూ నెట్టుకొచ్చాయి. వీటితో కలిపి పెంచిన నాడీకణాలు సగం బతికాయి. ఉక్కు కణాలకన్నా ఇదే పెద్ద సంగతి.

మూడు నెలలూ ఇద్దరం కలిసి అన్నీ మళ్ళీ చేశాం. గడువుకు తొమ్మిది రోజుల ముందు థీసిస్ ఇచ్చాను. కొత్త వ్యాసంలో ఆయన పేరు పెడతానంటే, టెక్నీషియన్ల పేర్లు వేసే అలవాటు మనకు లేదని డైరెక్టరుగారు కొట్టేశారు. పైగా అనుమతి లేకుండా సీసాలు వాడినందుకు ఆయనకు మెమో ఇచ్చారు. ఆ మెమోతోనే ఆయన రిటైరయ్యారు. నేను నోరు మెదపలేదు. నాకు పట్టా కావాలి మరి. ఇందులో నవ్వడానికేమీ లేదు, అందుకే తొందరగా చెప్పేశాను.

సిగ్గు చంపుకుని, అచ్చయిన థీసిస్ పట్టుకుని అనుమానంగారింటికి వెళ్ళాను. ఆయన "బాగున్నావా" అని అడిగి, జవాబు వినకుండా పుస్తకం బల్ల మీద పెట్టుకుని, క్యాలిక్యులేటరు తీసి లెక్కలు సరిచూడడం మొదలుపెట్టారు. గంట గడిచింది. వాళ్ళావిడ టీ తెచ్చి నా పక్కన కూర్చున్నారు.

"ఏమీ అనుకోకమ్మా. కూరలో ఉప్పేశానంటే ఈరోజుకీ నాలిక మీద వేసుకుని చూస్తారు."

"మీకు కోపం రాదా పిన్నిగారూ?"

"మొదట్లో వచ్చేది. ఒకసారి పక్కింటాయన వచ్చి, మేడ మీద నిలబడితే విమానం చేతికి తగిలిందన్నాడు. ఈయన అలాగా అని తలూపారు. అదెలా నమ్మారండీ అని తర్వాత అడిగా. అది తప్పయితే నాకేం పోతుంది అన్నారు. అప్పుడర్థమైంది నాకు. ఎవరెలా పోయినా ఫర్వాలేదనుకుంటే ఈయన వాళ్ళ మాట చప్పున నమ్మేస్తారు."

నాకు డైరెక్టరుగారి శనివారాల కణాలు గుర్తొచ్చాయి. టీ గ్లాసు పట్టుకుని నవ్వాలో సిగ్గుపడాలో తెలియక కూర్చున్నాను.

బల్ల దగ్గర్నుంచి ఆయన పిలిచారు.

"అమ్మాయ్, నలభై ఏడో పేజీలో మూడో పట్టిక చూడు. దశాంశం ఒక స్థానం జరిగింది."

ముగ్గురు ఆచార్యులు చదివి, బాగుందని సంతకాలు చేసిన పుస్తకమది. నేను పెన్ను తీసుకుని, ఆయన పక్కకు కుర్చీ లాక్కున్నాను. ఇంకా నూట ఇరవై పేజీలున్నాయి. అన్నిట్లోనూ తప్పులుంటే బాగుండుననిపించింది.