మిద్దె మీద కాకి, తలుపు వెనక నేను

ఈ రోజు మా అత్తమ్మ సంవత్సరీకం. కాకి ముట్టనిదే మా ఇంట్లో ఎవరూ తినరు. అందుకే అన్నం, గారెలు వడ్డించిన విస్తరిని మిద్దె గోడ మీద పెట్టి, మెట్ల గది తలుపు వెనక నిలబడ్డాను.

రోజూ నేనే అన్నం పెట్టి అలవాటు చేసిన కాకి ఒకటి వచ్చి విస్తరి పక్కన కూర్చుంది. తాను తినలేదు, వచ్చిన ప్రతి కాకినీ తరిమేసింది. పక్కింట్లో బట్టలు నేసే సాంచెల చప్పుడుకు కూడా బెదరలేదు. విస్తరి కాస్త జరుపుదామని అడుగు బయట పెడితే నా తల మీదికే వచ్చింది. బయటికి పోలేను. కిందికీ పోలేను, అక్కడ మా ఆయన షుగర్ గోలీ వేసుకొని, చేతులు వణుకుతుంటే ఎదురుచూస్తున్నారు.

మా ఆడబిడ్డ పైకి వచ్చి, చూసి నవ్వింది.

"గిది మా అమ్మనే వదినె! బతికున్నప్పుడు నిన్ను పొయ్యికాడికి రానిచ్చిందా, గిప్పుడు రానియ్యడానికి?"

"మెల్లగ మాట్లాడు, అత్తమ్మ వింటది" అన్నాను.

ఇంతలో మా ఆయన గోడ పట్టుకొని మెట్లెక్కి వచ్చారు. "అమ్మా, ఇగ నాతోని కాదే" అంటూ విస్తరిలోంచి గారె తీసి నోట్లో పెట్టుకున్నారు. నా మీదికి వచ్చినట్టే ఆయన మీదికీ వస్తుందనుకున్నాను. కాకి మాత్రం రెక్క కూడా కదపలేదు. ఆయన తినేదాకా తల వంచి చూసి, తర్వాత తానూ ఒక గారె అందుకుంది.

అందరం తిన్నాం. సాయంత్రం విస్తరి తీద్దామని వెళితే మళ్లీ నా మీదికే వచ్చింది. అది ఇంకా అక్కడే ఉంది. మీ ఇళ్లలో కూడా కాకులు కోడళ్లను ఇట్లాగే గుర్తుపడతాయా?