లేగోస్ నవల చదివే పక్క సీటాయన

ఆ రోజుల్లో నైజీరియా పేరుతో మోసపు ఈమెయిళ్లు తెగ వచ్చేవి. అందుకే డెట్రాయిట్ బస్సులో పక్కాయన తనది నైజీరియాలోని లేగోస్ అనగానే, పాస్‌పోర్టున్న బ్యాగు పట్టీని మన రైళ్లలోలాగే కాలికి చుట్టుకున్నాను. డెట్రాయిట్ పక్కనే ఉన్న ట్రాయ్ నుంచి ఫ్రెండ్ ఫోన్ చేశాడు. “నిద్రపోకురా, బ్యాగ్ చెక్ చేసుకుంటూ ఉండు.”

పక్కాయన చేతిలో వాళ్ల ఊరి నవల ఉంది. “ఇందులో జాలర్ల బస్తీ కూల్చేసి అపార్ట్‌మెంట్లు కట్టారు. ఇప్పుడక్కడ ఎవరూ పక్కవాణ్ని నమ్మరు. మీ ఊళ్లో ఎలా?” అన్నాడు ఇంగ్లిష్‌లో.

నన్నే ఎత్తిపొడుస్తున్నాడేమో అనిపించింది. “మా హైదరాబాద్‌లో అలాంటిదేం లేదు,” అని అబద్ధమాడి మొహం తిప్పుకున్నాను.

తన స్టాపు వచ్చినా ఆయన వెంటనే లేవలేదు. నా వైపోసారి చూసి, కాస్త సిగ్గుపడుతూ సీటు కిందికి వంగి, తన కాలికి చుట్టుకున్న బ్యాగు పట్టీని విప్పుకున్నాడు.