సాగనంపే వేళ తుమ్ము

వంటింటి వెనక బాల్కనీ తలుపు తీస్తే పక్క ఖాళీ స్థలంలోని వేపపూత వాసన తియ్యగా, అడుగున కాస్త చేదుగా ఇంట్లోకి వస్తుంది. ఈ ఉదయం నా భార్య లలితను ఆ బాల్కనీలోకి పంపింది నేనే. మావాడు పదో తరగతి మొదటి పరీక్షకు బయల్దేరుతున్నాడు. వేప పూసిందంటే లలితకు తుమ్ములు ఆగవు. డాక్టరు ముక్కులో కొట్టుకునే మందు ఇచ్చి, కిటికీలు మూసి ఉంచమన్నాడు. పాపం అన్నీ పాటిస్తూనే ఉంది. వాడికి బొట్టు పెడదామని కుంకుమ భరిణె పట్టుకుని వస్తుంటే, "వాడు వెళ్ళేదాకా కాసేపు వెనక్కెళ్ళు లలితా, ఇప్పుడు గానీ తుమ్మావంటే..." అన్నాను. ఆమె భరిణె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినగానే ఆ మాట నాది కాదని, మా నాయనమ్మదని తెలిసింది.

కంకిపాడు దగ్గర మా ఊళ్ళో శివరాత్రి దాటాక చలి శివశివా అంటూ వెళ్ళిపోయేది. వరి కోసిన మాగాణుల్లో చల్లిన మినుము నల్లబడి కళ్ళానికి చేరేది. ఎడ్లు గుండ్రంగా తిరుగుతూ తొక్కుతుంటే లేచిన దుమ్ము మధ్యాహ్నపు ఎండలో బంగారు పొగలా వేలాడేది. మామిడి కింద ఆడుకుంటే పూత నుంచి రాలే తేనెమంచు జుట్టుకీ చొక్కాలకీ జిగటగా అంటుకునేది. తెల్లారి లేచేసరికి వాకిలంతా వేపపువ్వు పరుచుకుని ఉంటే, నాయనమ్మ పాత పంచె పరిచి దాన్ని ఏరి ఎండబెట్టేది. నేతిలో ఎర్రగా వేయించి, వేడన్నంలో నలిపి, ముద్ద మా నోట్లో పెట్టి, చేదని మేం మొహం చిట్లిస్తే నవ్వేది. కొత్త మినుములు వేయించి తిరగట్లో విసురుతుంటే సున్నుండల వాసన వీధి మలుపు దాకా వచ్చేది.

ఆ వాసనలన్నిటి మధ్యా తుమ్ముతూ తిరిగేది మా మేనత్త సుబ్బులు. నాన్నకు చెల్లెలు, అప్పటికింకా పెళ్ళి కాలేదు. పూతలు మొదలైతే ఆమె కళ్ళు ఎర్రబడి, ముక్కు కందిపోయేది. అలర్జీ అనే మాట మా ఊరికి రాలేదు. "పడిశం పది రోగాల పెట్టు" అంటూ నాయనమ్మ శొంఠి కషాయం తాగించేది, పసుపు నీళ్ళ ఆవిరి పట్టించేది. వాము నలిపి కట్టిన చిన్న మూట అత్త కొంగుకి ఎప్పుడూ ఉండేది. ఆమె పక్కన పడుకుంటే నాకు ఆ ఘాటు వాసనలోనే నిద్ర పట్టేది.

ఒకనాడు తాతయ్య మినుము బస్తాలు బండికెత్తించి బెజవాడ వన్ టౌన్‌కి బయల్దేరాడు. ఎడ్లు అడుగు వేశాయో లేదో, గుమ్మంలో అత్త తుమ్మింది. ఒక్కటే తుమ్ము. పాలేరు కాడి దించేశాడు. తాతయ్య చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగాడు.

"ఇంకోటి తుమ్మవే తల్లీ, రెండయితే మంచిదేనంట!" అన్నాడు.

"అడిగినప్పుడు వస్తే అది తుమ్మెందుకవుద్ది నాన్నా!"

అత్త సూర్యుడి కేసి చూసింది, వాము మూట వాసన పీల్చింది. రాలేదు. అందరం కడుపు పట్టుకుని నవ్వాం, అత్త కూడా నవ్వింది. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. "ఇకనించీ ఎవురన్నా బయల్దేరే ఏళకి నువ్వు దొడ్లోకి పో," అంది.

అప్పట్నుంచీ బండి కడితే అత్త గడ్డివామి వెనక్కి వెళ్ళేది. అంత దుమ్ము ఇంకెక్కడా ఉండదు. ఒకసారి జామకాయ కోసం నేనటు వెళితే, అత్త కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, వామి పక్క నుంచి బండిని తొంగి చూస్తోంది. "వచ్చేవాళ్ళకి కాళ్ళకి నీళ్ళివ్వడానికి పనికొస్తాను గానీ, వెళ్ళేవాళ్ళకి పనికిరాన్రా అబ్బాయ్," అంది. బండి మలుపు తిరిగాక తనివితీరా తుమ్మింది.

ఇప్పుడు కళ్ళం లేదు, మినుమును మిషన్లు నూరుస్తున్నాయి. వామి చోట ఎవరిదో డాబా లేచింది. అత్త నిరుడు పోయింది. పోయినవన్నీ పోయాయి, పోవలసిన మాట మాత్రం నా నోట్లో మిగిలింది.

పరీక్ష హాలు దగ్గర మావాణ్ణి దించి వచ్చాక, తప్పు నాదేనని లలితతో చెప్పాను. "ముప్ఫై రోజులుగా ముక్కు మూసుకుని ఉంటున్నా, వాడి మొహం చూడనిచ్చారు కాదు," అంది. తడిగుడ్డతో ఫ్యాను రెక్కలు, కిటికీ అంచులు తుడిచాను. కర్టెన్లు ఉతికాను. అది పనేగానీ క్షమాపణ కాదని నాకు తెలుసు.

సాయంత్రం వాడు ట్యూషన్‌కి బయల్దేరుతుంటే లలితను పిలిచాను. రానంది. వెళ్ళి చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకొచ్చాను. వాడు చెప్పులు వేసుకుంటుండగా ఆమె తుమ్మింది. ఒక్కటే. కంగారుగా నా మొహంలోకి చూసింది. వాడు కూడా ఆగి, "నాన్నా, కూర్చోమంటావా?" అన్నాడు.

నేను ముందుకు నడిచి లిఫ్ట్ బటన్ నొక్కాను.