రైస్ కుక్కర్ ఇచ్చి వెళ్ళినవాళ్ళు

పదకొండేళ్ళుగా ఈ సంగతి నా ఒక్కదాని దగ్గరే ఉంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనక మీకు చెప్పడం తేలికనుకున్నాను. తేలికేం కాదు. ఇది రాయడం మూడోసారి. మొదటి రెండుసార్లూ నన్ను నేను మంచిదాన్ని చేసుకుని రాసుకున్నాను. చించేశాను.

నేనూ వసుంధరా రెండువేల ఒకటిలో అమెరికాలో ఒక యూనివర్సిటీలో ఎకనామిక్స్ పీహెచ్‌డీకి చేరాం. ఆ ఏడు చేరినవాళ్ళలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. తనది వరంగల్, నాది తెనాలి. ఒకే అపార్ట్‌మెంట్, ఒకే బస్సు, ఒకే ఆవకాయ సీసా. లెక్కల్లో తను గట్టిది. మొదటి ఏడాది చివర పరీక్ష నేను గట్టెక్కానంటే, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి తను ఒక్కో రుజువూ నాలుగేసిసార్లు చెప్పబట్టే. విసుక్కునేది కాదు. "మళ్ల చెప్త, విను" అనేది. ఆ మాట ఇంకొక్కసారి వినాలని నాకు ఇప్పటికీ ఉంటుంది.

మా కింది ఇంట్లో గుంటూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఆయనా, భార్యా ఉండేవారు. మేం చేరిన చలికాలమే ఆయన ఉద్యోగం పోయింది. ఉద్యోగం లేకపోతే వీసా లేదు. రెండు వారాల్లో సర్దుకుని ఇండియా వెళ్ళిపోయారు. వెళ్తూ ఆవిడ తన రైస్ కుక్కర్ మాకిచ్చింది. మూడేళ్ళు అందులోనే వండుకున్నాం.

మూడో ఏట ప్రతివాళ్ళూ సొంతంగా ఒక పేపర్ రాసి ప్రొఫెసర్ల ముందు చెప్పాలి. అది నిలబడితేనే ఫండింగ్ సాగుతుంది. ఫండింగ్ పోతే మాబోటివాళ్ళకు చదువూ పోయినట్టే. పైగా మేమిద్దరం గైడ్‌గా కోరుకున్నది ఒకే ప్రొఫెసర్‌ని. ఆ ఏడు ఒక్కరినే తీసుకుంటానని ఆవిడ ముందే చెప్పింది.

వసుంధర పేపర్ వలస వచ్చినవాళ్ళ జీతాల మీద. వచ్చిన కొత్తలో ఎంత, ఐదేళ్ళకెంత, పదేళ్ళకెంత అని పాత సర్వేలన్నీ తిరగేసి పోల్చింది. సగటు పెరుగుతూనే ఉంది. ఈ దేశంలో ఎన్నాళ్ళుంటే అంత బాగుపడతారని తేల్చింది.

మాకొక అలవాటుండేది. ప్రొఫెసర్ల ముందు చెప్పేముందు ఖాళీ క్లాస్‌రూమ్‌లో ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. వినేవాళ్ళ పని తప్పులు పట్టడం. మొహమాటపడకూడదని ఒట్టు. ఆ మధ్యాహ్నం తను బోర్డు నిండా రాసింది. నేను బల్లమీద కూర్చుని కాళ్ళూపుకుంటూ వింటున్నాను. మధ్యలో ఎందుకో రైస్ కుక్కర్ గుర్తొచ్చింది. అది మాకిచ్చి వెళ్ళినవాళ్ళు ఈ బోర్డు మీద ఎక్కడున్నారు? ఎక్కడా లేరు. ఉద్యోగాలు పోయినవాళ్ళూ, తక్కువ జీతాలవాళ్ళూ వెళ్ళిపోతే మిగిలేది నిలదొక్కుకున్నవాళ్ళే. అప్పుడు ఒక్కరి జీతం పెరగకపోయినా సగటు పెరుగుతుంది. పేపర్ మొత్తం ఆ సగటు మీదే నిలబడి ఉంది.

"ఎట్లున్నదే?" అంది వసుంధర. "తప్పుంటె ఇప్పుడే చెప్పు. రేపు వాళ్ల ముందట పరువు పోవద్దు."

"బాగుంది. తప్పులేం లేవు."

"నిజంగనేనా?"

"నిజంగానే. ఇలాగే చెప్పెయ్."

చేతికంటిన సుద్ద నా బుగ్గకు పూసి నవ్వింది.

ఎందుకన్నాను ఆ మాట? ఇంటికెళ్ళాక చెబుదాంలే అనుకున్నాను. ఇంటికెళ్ళాం. అన్నం వండాం, ఆ కుక్కర్‌లోనే. తిన్నాం. చెప్పలేదు. అసూయ అనేస్తే సరిపోతుందా? తను లేకపోతే నేను లేను అన్న కృతజ్ఞత మూడేళ్ళు లోపల్లోపలే పులిసి, ఒక్కసారి తను తడబడితే చూడాలని, ఒక్కసారి ఆ గైడ్ తననొదిలి నావైపు చూడాలని అనిపించేదాకా వచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో నాకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

మర్నాడు పది నిమిషాలు కాకుండానే ఆ ప్రొఫెసర్ అడిగింది, వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళ సంగతేమిటని. వసుంధర సుద్దముక్క పట్టుకుని బోర్డుకేసి చూసింది. నాకేసి చూసింది. నేను నోట్‌బుక్‌లోకి చూసుకున్నాను.

బయట మెట్ల మీద తనే నా భుజం మీద చెయ్యేసింది. "నీక్కూడ తట్టలేదు చూడు. ఇద్దరం ఒక్క తీరు మొద్దులమే" అంది. నన్ను ఓదార్చింది. అప్పుడైనా చెప్పొచ్చు. అవునన్నట్టు తలూపాను.

తిరిగి రాయమని గడువిచ్చారు గానీ, తనకు అప్పటికే మనసు విరిగింది. మాస్టర్స్ డిగ్రీ చేతిలో పెట్టి పంపేశారు. తనూ వెళ్ళిపోయింది. కుక్కర్ నాకే వదిలేసింది.

అసలు రాయలేక చించింది ఇక్కడే. గైడ్ నన్ను తీసుకుంది. నా థీసిస్ దేని మీదో తెలుసా? వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళ మీద. గైడ్ అందరి ముందూ అడిగిన ప్రశ్నే కదా, ఎవరైనా తీసుకోవచ్చు అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఇంత మంచి ప్రశ్న ఎలా తట్టిందని ఇప్పటికీ అడుగుతారు. కుక్కర్ కథ చెబుతాను. నవ్వుతారు. క్లాస్‌రూమ్ సంగతి చెప్పను.

థీసిస్ పూర్తయినప్పుడు వసుంధర నుంచి ఒకే ఒక్క వాక్యం మెయిల్ వచ్చింది. "మంచి ప్రశ్న పట్టుకున్నవే." మామూలు అభినందనేనా? తెలిసే రాసిందా? ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. జవాబివ్వలేదు. చాలాకాలానికి ధైర్యం చేసి రాస్తే ఆ అడ్రస్ లేదని తిరిగొచ్చింది.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను. నా పేపర్లు చదివి మర్యాదగా తప్పులు చెప్పేవాళ్ళున్నారు. కానీ మధ్యాహ్నం పూట ఖాళీ క్లాస్‌రూమ్ కనిపిస్తే లోపలికెళ్ళి బల్లమీద కూర్చుంటాను. తను బోర్డు ముందుంటే ఎంత బాగుండు. నాకు క్షమాపణ కూడా అక్కర్లేదేమో. తను కావాలి, అంతే.

రాసేశాను. తను క్షమించదు, చదవదు కూడా. ఈసారి మాత్రం చించను. ఆ రోజు బల్లమీంచి దిగి నేను అడగాల్సింది ఒక్క ముక్కే. ఇప్పుడు అడుగుతున్నాను.

మరి వెళ్ళిపోయినవాళ్ళ సంగతేంటే, వసుంధరా?