తుమ్మకుండా ఇల్లు దాటిన రోజు

ఆ రోజుల్లో మా ఇంట్లో నిర్ణయాలు చేసేది బాపు (మా నాన్న) కాదు, అవ్వ కూడా కాదు, నా ముక్కు. ఈ సంగతి నవ్వుతూ రాయాలనే కూర్చున్నాను గానీ, ఇన్నేళ్ళ తర్వాత కూడా తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. మధ్యలో నా గొంతు పెరిగితే చదివేవాళ్ళు సర్దుకోవాలి. మాది నకిరేకల్ దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. తినే తిండి, కప్పుకునే గొంగడి, అన్నీ గొర్రెల పుణ్యమే. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు గొర్రె ఉన్ని పడదు. మంద దొడ్లోకి వస్తే తుమ్ములు మొదలయ్యేవి. ఉన్ని కత్తిరించే రోజుల్లో అయితే కళ్ళు ఎర్రబడి, ముక్కు కారి, నా మొహం నాకే అసహ్యంగా ఉండేది. ఎలర్జీ అనే మాట మా ఊరికి ఇంకా రాలేదు. "గొర్లోళ్ళ ఇంట్ల పుట్టి గొర్లను జూసి తుమ్ముడేందే? అవి నిన్ను ఏమన్న తిట్టినయా?" అనేది అవ్వ. ఆవిడ బాపుకు తల్లి, ఆ ఇంటికి సర్కారు.

అది ఒట్టి రోగమైతే పోనీ అనుకుందును. అవ్వకు తుమ్మంటే శకునం. ఎవరు బయల్దేరినా నేను తుమ్మానంటే గడప దాటిన కాలు వెనక్కి రావాల్సిందే. కూర్చోవాలి, నీళ్ళు తాగాలి, కాసేపాగి మళ్ళీ లేవాలి. లేచేసరికి నేను మళ్ళీ తుమ్మేదాన్ని. (వెంటవెంటనే రెండు తుమ్ములు వస్తే మంచిదేనట. నా కర్మకు ఎప్పుడూ ఒకటో మూడో వచ్చేవి. రెండోదాని కోసం సూర్యుడి వైపు మొహం పెట్టి, ముక్కులో గడ్డిపోచ పెట్టుకుని నేను పడిన పాట్లు ఎవరికి చెప్పుకోను!) బాపు ఇట్లా ఎన్ని అంగళ్ళకు పోలేకపోయాడో. ఒక్కసారైనా తల్లికి ఎదురు చెప్పాడా అంటే, లేదు. రుమాలు విప్పి మళ్ళీ చుట్టుకుంటూ అరుగు మీద కూర్చునేవాడు. నాకు అవ్వ మీద కన్నా ఆ కూర్చోవడం మీదే ఎక్కువ కోపం వచ్చేది.

ఇది అరవైల నాటి ముచ్చట. ఎనిమిదో తరగతి పాసై రెండేళ్ళుగా ఇంట్లో ఉన్నాను. నల్లగొండలో నర్సమ్మల ట్రైనింగుకు దరఖాస్తు పెడితే, గురువారం పొద్దున పది గంటలకు రమ్మని కాగితం వచ్చింది. ఆ రోజు రాకపోతే ఇక రానక్కర్లేదని దాని అర్థం. ఈ సీటు పోతే నాకు మిగిలేది దొడ్డి, జన్మంతా తుమ్ములు. అవ్వ కాగితాన్ని తిప్పి చూసి తేల్చేసింది: "పోతె పో, నేను అడ్డం రాను. గని పొయ్యేటప్పుడు తుమ్మితె మాత్రం గడప దాటనియ్య." సరిగ్గా ఆ వారమే, నా మీద పగబట్టినట్టు, మా వాకిట్లో ఉన్ని కత్తిరించడం మొదలుపెట్టారు.

బుధవారం సాయంత్రానికి నా ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. అన్నం సహించలేదు. ఏడుపుతో తల పగిలిపోతోంది. బాపు చూడలేక ఊళ్ళో కిరాణం మామ దగ్గరికి పోయి జలుబు గోళీలు పట్టుకొచ్చాడు. ఈ మామ ఎవరికీ వరసకు మామ కాదు, ఊరందరికీ మామ. ఉప్పు, దీపాల గ్యాసునూనె, పలుపుతాళ్ళతో పాటు ఒక బిస్కెట్ల డబ్బాలో రంగురంగుల గోళీలు పెట్టుకుని, రోగం పేరు చెబితే రంగు చూసి తీసి, పాత పేపరు ముక్కలో చుట్టి ఇచ్చేవాడు. ఆయన వైద్యమంతా రంగుల్లోనే ఉండేది. బాపు తెచ్చినవి పచ్చవి. "గివి తుమ్ములు కడతయట బిడ్డా" అన్నాడు. ఒకటి అప్పుడే మింగాను, ఇంకొకటి తెల్లారి లేవగానే మింగాను. తలనొప్పి అట్లాగే ఉందంటే పక్కింటి చిన్నమ్మ పరుగెత్తుకొచ్చి తెల్లవి నాలుగు ఇచ్చింది, వాటిలో రెండు మింగాను. బస్సుకు పోతుంటే దారిలో కిరాణం మామ స్వయంగా ఆపి, "మొహం గట్లున్నదేందే? పెయ్యి నొప్పులకు గీ పుడి ఛాయిల ఏసుకొని తాగు, గుర్రం లెక్క ఉరుకుతవ్" అని ఒక పొడి పొట్లం విప్పాడు. బస్సు ఆగే చోట సగం ఛాయిలో కలుపుకుని అదీ తాగేశాను. రాత్రి నుంచి కడుపులో మెతుకు లేదు.

నా తెలివి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. పచ్చది ముక్కుకు, తెల్లది తలకు, పొడి ఒంటికి అనుకున్నాను. నార్కట్‌పల్లి బస్సు నార్కట్‌పల్లికి, సూర్యాపేట బస్సు సూర్యాపేటకు పోయినట్టు, ఏ గోళీ దాని ఊరికి అది పోతుందని నా లెక్క. లోపల అన్నీ ఒకే కడుపులో దిగుతాయని ఎనిమిది తరగతులు చదివిన దానికి తట్టలేదు.

అయితే ఆ పొద్దున ఇంటి గడప మాత్రం దాటాను. అవ్వ ఎదురుగా నిలబడి, దండం పెడుతున్నా పట్టించుకోకుండా నా ముక్కునే చూస్తూ ఉంది. తుమ్ము రాలేదు. ఆ క్షణం ఎంత గర్వపడ్డానో! బస్సెక్కి కూర్చున్నాక మాత్రం నాకేమీ తెలియదు. నల్లగొండలో బాపు భుజం పట్టి కుదిపితే లేచాను. ట్రైనింగు బడి వరండాలో గోడకానుకుని మళ్ళీ నిద్రపోయాను. నా పేరు పిలిస్తే బాపే "ఉన్నదమ్మా, ఉన్నది" అని పలికి, రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. కుర్చీలో పెద్ద నర్సమ్మ కూర్చుని ఉంది. కృష్ణా నదికి అవతల, ఆంధ్రా వైపు మనిషి, తెల్ల చీర, కళ్ళద్దాలు. "నర్సు ఎందుకు కావాలనుకుంటున్నావమ్మా?" అంది. నేను రెండు రోజులుగా బట్టీపట్టిన జవాబు చెప్పడానికి నోరు తెరిచి, ఆవిడ బల్ల మీద తల పెట్టి పడుకున్నాను.

"ఈ పిల్ల కల్లు తాగి వచ్చిందా?" అన్న మాట దూరంగా వినబడింది. చెవుల్లో హోరు, కడుపులో మంట. బాపు చేతులు జోడించాడు. "అట్లనకమ్మా. తుమ్ములు రాకుంట గోళీలు మింగింది" అని, ఎందుకైనా మంచిదని రుమాలు కొంగులో మూటగట్టి తెచ్చిన మిగతా గోళీలు, పొడి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. ఎన్ని, ఎప్పుడెప్పుడు మింగానో ఆవిడ విడివిడిగా అడిగింది. బీరువాలోంచి మూడు డబ్బాలు తీసి వాటి పక్కన పోల్చి పెట్టుకుంది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"చూడు. తుమ్ముల మందుకు నిద్ర వస్తుంది, అది దాని గుణం. ఒట్టి తుమ్ముల మందుతో పాటు నొప్పుల గోళీ ఒకటి వేసుకుంటే మామూలుగా ఏమీ కాదు. కానీ ఈ పచ్చదాంట్లో తుమ్ముల మందుతో నొప్పుల మందు కూడా కలిపే ఉంటుంది. ఈ తెల్లది ఆ నొప్పుల మందే. ఈ పొడీ అదే! ఒకే మందును మూడు పేర్లతో, పరగడుపున మింగావు. కడుపులో పుండై నెత్తురు కక్కుకునేదానివి. చదువుకున్న పిల్లవేనా నువ్వు? చదవకుండానే మింగుతావా?"

అదిగో, అక్కడ నిద్ర వదిలింది. చదవకుండా అన్న మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. లేచి నిలబడ్డాను. బల్ల అంచు పట్టుకుని నోరు విప్పాను.

"ఏం జదువాల్నమ్మా నేను? రాసి ఉంటె జదువకపోదునా? డబ్బల కెల్లి తీసి పేపరు తుకుడల గట్టిచ్చిండు. ఆ తుకుడ మీద ఎడ్ల అంగడి ముచ్చట ఉండె, గదంత జదివిన! మందు పేరు యాడుంది జెప్పు? మీ డబ్బల మీద ఉన్నది గూడ ఇంగ్లీసే. మా అవ్వకెట్ల దెల్వాలె? మా బాపుకెట్ల దెల్వాలె? మింగినోళ్ళను తిడతరు గని, పేరు జెప్పకుంట ఇచ్చినోన్ని ఎవ్వలన్న తిట్టిన్రా?"

బాపు నా కొంగు పట్టి లాగుతున్నాడు. నేను ఇంకా ఏమేమి అన్నానో గుర్తులేదు. (బాపు ఎప్పుడూ చెప్పలేదు. అంటే చాలానే అని ఉంటాను.) పెద్ద నర్సమ్మ డబ్బాలు మూసేసింది. తర్వాత డాక్టరును పిలిపించి చూపించి, పక్క గదిలో బల్ల మీద పడుకోబెట్టింది. "పిలిస్తే పలకకపోయినా, వాంతిలో నెత్తురు కనబడ్డా వెంటనే నాకు చెప్పు" అని బాపును పక్కన కూర్చోబెట్టి, సాయంత్రం దాకా కదలనివ్వలేదు. సీటు పోయిందని నాకు తెలిసిపోయింది. గోడవైపు తిరిగి, అవ్వను, మామను, చిన్నమ్మను, ఆ తెల్ల చీరను, అందరికన్నా ఎక్కువగా నన్ను తిట్టుకుంటూ ఏడ్చాను.

ఊరికి తిరిగి రాగానే బాపు ఇంటికి రాకుండా నేరుగా కిరాణం దుకాణానికి పోయాడు. జన్మలో ఎవరినీ గట్టిగా అనని మనిషి, "పేరు జెప్పి ఇయ్యి మామా, లేకుంటె ఇయ్యకు. నా బిడ్డ సచ్చేదుండె" అని కేకేశాడు. ఆ కోపం చల్లారకముందే ఇంటికొచ్చి అవ్వ ముందు నిలబడి, "ఇగ పిల్ల తుమ్మితె ఈ ఇంట్ల ఎవ్వలు ఆగొద్దు" అన్నాడు. అవ్వ లేచి దొడ్లోకి పోయింది. పదిహేను రోజులకు సీటు వచ్చినట్టు కాగితం వచ్చింది. అది నా చదువుకు ఇచ్చారో, నా నోటికి ఇచ్చారో అడగలేదు. చేరిన మొదటి వారమే పెద్ద నర్సమ్మ నా చేతికి కలమిచ్చి, రోగులకిచ్చే ప్రతి పొట్లం మీద మందు పేరు తెలుగులో రాయమంది. వేళ్ళు వాచిపోయాయి. ఆవిడను తిట్టుకుంటూనే రాశాను.

తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా ఎంతమంది మీద అరిచానో, ఎంతమంది చేతుల్లోంచి గోళీలు లాక్కుని ఇదేమిటి, అదేమిటి అని నిలదీశానో. ఇప్పుడు రోజూ పొద్దున్నే కోడలు నా అరచేతిలో అయిదు గోళీలు పోస్తుంది. ఏమీ అడగకుండా మింగుతాను. అడిగే ఓపిక లేదు, కోపం అసలే లేదు. అప్పటి ఆ పిల్ల చూస్తే నా చెయ్యి విదిలించి కొట్టేది. నిన్న ఎందుకో ఆ పిల్ల గుర్తొచ్చి, "ఇవేందో ఒక్కొక్కటి జెప్పవే" అన్నాను. "అంతకాలం నర్సు పని చేసినవ్, నీకు దెల్వదా అత్తమ్మా?" అని నవ్వింది కోడలు. నిజమే, అందులో రెండింటి పేర్లు నాకు తెలియవు. సిగ్గేసింది. నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత కొంచెం కోపం కూడా వచ్చింది.