లంక గుర్రాలు ఏ నీళ్లు తాగేవి

మొన్న సాయంత్రం బీచ్ రోడ్డులో, పిల్లల్ని ఎక్కించుకు తిరిగే గుర్రమొకటి, దాని మనిషి టీ తాగే కాసేపట్లో గోడ పగులులో మొలిచిన గరికను ఏరి ఏరి తింటుంటే, ఏ మొక్కను వదిలేస్తోందోనని చూస్తూ నిలబడిపోయాను. మావారు విసుక్కోలేదు, ఈ రోగం ఆయనకు పాతికేళ్లుగా తెలుసు.

తొంభైల చివర, నేను పరిశోధన చేసే రోజుల్లో, భీమిలి వైపు ఒక గెడ్డ, అంటే వాగు, రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట చిన్న లంక ఉండేది. ఎవరో వదిలేసిన గుర్రాలు అక్కడే ఈని, ఆ పిల్లలు మనిషి చెయ్యి ఎరగకుండా పెరిగి అడవి గుర్రాలైపోయాయి. అవి ఏం తిని బతుకుతున్నాయన్నదే నా పరిశోధన. మద్దిలపాలెంలో మొదటి బస్సెక్కి, ఆటు వేళ చూసుకుని మోకాటిలోతు నీళ్లలో గెడ్డ దాటి, వాటి లద్దె ఏరి తెచ్చి మైక్రోస్కోపు కింద చూసేదాన్ని. చిన్నప్పుడు మనం గాలికి దొర్లించి ఆడుకున్న ముళ్లబంతులు, రావణాసురుడి మీసాలున్నాయే, అవి కాసే ఇసుకగడ్డి లేత మొవ్వులను కూడా అవి ఎండాకాలంలో కొరుక్కు తింటాయని తెలిసిన రోజు, నేను తెచ్చుకున్న క్యారియరు విప్పడమే మరిచిపోయాను.

మరి నీళ్లు? గెడ్డ అంచున తలలు వంచి నిలబడటం ఎన్నోసార్లు చూశాను గనుక, అక్కడే తాగుతాయని అధ్యాయమంతా రాసి మా ప్రొఫెసరుగారికి ఇచ్చేశాను. ఆ మాటే ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే ఒక పెద్దావిడతో అంటే నన్ను జాలిగా చూసింది.

“ఆ ఉప్పునీల్లు నువ్వు తాగుతావేటమ్మా? అయ్యి అక్కడ గడ్డి మేత్తన్నాయి. రేపు పొద్దుపొడుపుకి రా, నాను సూపిత్తాను.”

వెళ్లాను. ముసలి ఆడగుర్రమొకటి రెండు ఇసుకదిబ్బల మధ్యకొచ్చి ముందుకాలితో ఇసుక తవ్వింది. చాలాసేపటికి గుంటలో నీరు ఊరింది. అది తాగి తప్పుకునేదాకా మిగతావి వెనక ఆగాయి. అన్నీ వెళ్లిపోయాక పెద్దావిడ ఆ చెలమ నీళ్లు నా దోసిట్లో పోసింది. ఉప్పన్నదే లేదు. తమ వాళ్లూ తాగే నీళ్లకు ఇక్కడికే వస్తారని అప్పుడు చెప్పింది. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే కలిగాయి.

ప్రొఫెసరుగారికి భయపడుతూనే చెప్పాను. ఆయన కోప్పడకుండా, మరుసటి వారం తనే వచ్చి, ప్యాంటు మడిచి గెడ్డ దాటి, ఒక పుడిసెడు తాగి చూశారు.

“మళ్లీ రాయండమ్మా. ఎవరు చూపించారో కూడా రాయండి,” అన్నారు.

అలా నా పట్టా దాదాపు ఏడాది వెనక్కి పోయింది. ఒక్క రోజూ బాధపడలేదు.

తర్వాతి ఏళ్లలో గెడ్డ దారి మార్చుకుంది, లంక ఒడ్డులో కలిసిపోయింది, గుర్రాలను ఎవరో తోలుకుపోయారన్నారు. ఇప్పుడు మెడకో యంత్రం కడితే అవి ఎక్కడెక్కడ తిరిగాయో గదిలో కూర్చునే తెలుస్తుందట. మంచిదే. కానీ మన తప్పు విని, రేపు రా చూపిస్తానని పిలిచే మనిషి ఆ గదిలోకి ఎలా వస్తుంది?