ఎవరి మోకాలు?

మా పర్యాటక కార్యాలయంలో ఆవిడను అందరూ ఇల్లుకదలని అక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడా నవ్వేస్తుంది. సెలవుల్లో పిల్లలను తీసుకుని రాష్ట్రం దాటకుండా ఎక్కడెక్కడికి వెళ్లవచ్చో చెప్పే మా పుస్తకం పంతొమ్మిదేళ్లుగా రాస్తున్నది ఆవిడే. అందులోని నలభై చోట్లలో ఒక్కటీ చూసిన పాపాన పోలేదు. బస్సెక్కితే మొదటి మలుపు తిరగకముందే ఆవిడకు కడుపులో తిప్పేస్తుంది.

చూడకపోతేనేం, ఫోనుంది. కోట దగ్గరి కాపలాదారును, పడవ నడిపేవాణ్ని, జంతువుల పార్కులో టికెట్లిచ్చే ఆవిడను ప్రశ్నలతో ప్రాణం తీసేది. మెట్లెన్ని? నీడ ఉందా? పాలు దొరుకుతాయా? చంటిపిల్లల తల్లి కూర్చోడానికి చాటుందా? ఇన్నీ అడిగి రాసి, ప్రతి పేజీ చివరా ఒకే మాట పెట్టేది: ‘పిల్లల చెయ్యి వదలకండి.’

పేజీలు కూర్చేది నేను. ఆ మాట చూస్తే నాకు ఒళ్లు మండేది. జలపాతానికైతే సరే, బొమ్మల మ్యూజియానికి కూడానా?

"ఏంటక్కా, బొమ్మలేమైనా పిల్లల్ని ఎత్తుకుపోతాయా?" అన్నాను ఒకసారి.

"నీకు పిల్లల్లేరు నాయనా. చెప్పింది కూర్చు," అంది.

కూర్చాను. ఒక్క పేజీలో తప్ప. ఆ సంగతి తర్వాత.

ఆ రోజు ఆవిడ తమ్ముడు పెళ్లాన్నీ నాలుగేళ్ల కూతుర్నీ తీసుకుని జలపాతానికి బయల్దేరాడు, అక్క పుస్తకం సంచిలో పెట్టుకుని. ఆవిడ పొద్దుటి నుంచీ ఒకటే మురిసిపోతోంది. పదకొండు గంటలప్పుడు ఒక మనిషి గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చాడు. వంచకపోతే నుదురు పగిలేదే. అంత పొడుగు మనిషిని నేను చూడలేదు.

"అమ్మా, నేనేనమ్మా, జలపాతం దగ్గర వాచ్‌మన్‌ని. గుర్తింపు కార్డు కోసం వచ్చా," అన్నాడు.

పదేళ్లుగా గొంతే తప్ప మొహం తెలియని మనిషి. "బాబాయ్!" అంటూ ఆవిడ ఎదురెళ్లింది. సగం దారిలో ఆగిపోయింది. ఆవిడ చూపు ఆయన మొహం మీద లేదు, మోకాలి మీద ఉంది.

"బాబాయ్, అక్కడ మడుగు మోకాల్లోతని చెప్పారు నాకు. ఎవరి మోకాలు?"

"నాదేనమ్మా. ఇంకెవరిది చెప్తాను? అదీ ఒడ్డున. రెండడుగులు లోపలికేస్తే నా నడుం దాకా వస్తుంది."

ఆయన నడుమంటే ఆవిడకు గుండెల దాకా. నాలుగేళ్ల పిల్లకు నెత్తి మీద ఇంకా నీళ్లే.

ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. కలవలేదు. మరదలికి చేసింది. కలవలేదు. "కొండెక్కాక సిగ్నలుండదమ్మా," అన్నాడు వాచ్‌మన్. ఇవాళ ఆయన ఇక్కడున్నాడంటే అక్కడ కాపలా కూడా లేదు. ఆవిడ మళ్లీ నంబరు నొక్కబోతే వేలు పక్కకు పోతోంది.

"పోనీలే, చెయ్యి వదలొద్దని రాశాంగా. వాడు చదువుతాడు. చదువుతాడు కదూ?" అని నన్నడిగింది.

జలపాతం ఫొటో మహా బాగా వచ్చింది. అది పేజీ నిండా పరుచుకోవాలని, ఆవిడ ప్రూఫు చూసి సంతకం పెట్టాక, ఆఖరి వాక్యం నేనే ఎత్తేశాను. ఎవరు చూస్తారులే అనుకున్నాను. అది చెప్పకుండా, తమ్ముడి నంబరు నేను నొక్కి ఇచ్చాను. నాకంత భయం ఎప్పుడూ వేయలేదు. పిల్లకేమైనా అవుతుందని భయం, అయితే అది నా చేతిమీదుగానే అయిందని ఈవిడకు తెలుస్తుందని ఇంకో భయం. రెండో భయమే పెద్దదిగా ఉందని గ్రహించి నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడు గంటలు అలాగే గడిచాయి. వాచ్‌మన్ కార్డు సంగతి మర్చిపోయి గోడకానుకుని నిలబడ్డాడు. రెండు దాటాక ఫోన్ మోగింది. ఆవిడ స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"అక్కా, పిల్ల బాగానే ఉంది. ముందు అది విను," అన్నాడు తమ్ముడు. "ఒక్కడుగేసింది, రెండో అడుగుకి కనపళ్లేదు. చెయ్యి నా చేతిలో ఉంది కాబట్టి లాగేశాను. అన్ని పేజీల్లో రాస్తావే, చెయ్యి వదలకండని, ఈ పేజీలో లేదేంటి? అచ్చుతప్పేమోలే, మా అక్క రాయకుండా ఉంటుందా అనుకుని నేనే గట్టిగా పట్టుకున్నా."

ఆవిడ పుస్తకం తెరిచి ఆ పేజీ చూసింది. తర్వాత నన్ను చూసింది.

"నేనే తీసేశానక్కా," అన్నాను.

తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఎన్ని పుస్తకాలు బయటికెళ్లాయి?" అంది.

"మూడు వేలు."

"వాళ్లందరికీ నేను అక్కను కాదు కదా," అంది. వాచ్‌మన్ వైపు తిరిగింది. "బాబాయ్, రేపు మొదటి బస్సు ఎన్నింటికి? ఆ నీళ్ల పక్కన బోర్డు పాతాలి. ఈసారి లోతు నేనే దిగి చూస్తాను."

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. మొదటి మలుపులోనే ఆవిడ మొహం పాలిపోయింది. ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, కిటికీ ఊచ వదలకుండా కూర్చుంది. మా ముందు సీట్లో ఒకాయన కొడుక్కి మా పుస్తకం చూపిస్తున్నాడు. జలపాతం పేజీ. ఫొటో నిజంగానే చాలా బాగుంది.

ఆవిడ కళ్లు తెరిచి చూసి, అతని భుజం తట్టింది. "బాబూ, అక్కడ పిల్లాడి చెయ్యి వదలకండి."

ఆయన పేజీ పై నుంచి కింద దాకా వేలు పెట్టి వెతికాడు.

"అలాగని ఈ పేజీలో ఎక్కడా లేదండీ," అన్నాడు.